అ అక్షరం దగ్గర ఆగిపోయిన పుస్తకం

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కితే సూర్యాపేట దాటాక, కోదాడకి ముందు మునగాల అని ఒక ఊరు వస్తుంది. ఫస్టియర్ అంతా ఆ బోర్డు చూస్తూనే ఉన్నాను. నాకు తెలిసింది ఒక్కటే, అది వస్తే అమ్మకి ఫోన్ చేసి ఇంకో రెండు గంటల్లో ఇంట్లో ఉంటానని చెప్పాలి. అలాగే పెనుగంచిప్రోలు. చిన్నప్పుడు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకి నానమ్మతో వెళ్ళేవాళ్ళం. మునేరులో స్నానం, చెరుకు గడలు, ప్లాస్టిక్ తుపాకీ, నాకు గుర్తున్నది ఇంతే. ఈ రెండు ఊళ్ళనీ కలిపే మనిషి ఒకాయన ఉన్నారని పోయిన సెమిస్టర్ దాకా తెలీదు.

తెలిసింది కూడా ప్రాజెక్టు పుణ్యమే. తెలుగులో పాత సైన్సు పుస్తకాల స్కాన్లు పోగేసి వాటి అక్షరాలు కంప్యూటర్ చేత చదివించాలన్నది మా మినీ ప్రాజెక్టు. వందేళ్ళ కిందటి పుస్తకాలు ఏది తెరిచినా మొదటి పేజీలో ఒకటే మాట కనబడుతుంది: విజ్ఞాన చంద్రికా గ్రంథమాల. ఏంటిది అని వెతికితే తేలిన పేరు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు.

లక్ష్మణరావు గారు 1877 మే 18న పెనుగంచిప్రోలులో పుట్టారు. తండ్రి వెంకటప్పయ్య గారు పసితనంలోనే పోయారు. తల్లి గంగమ్మ గారు, అక్క అచ్చమాంబ మిగిలారు. అక్కకి చిన్నప్పుడే పెళ్ళి చేసేశారు. బావ బండారు మాధవరావు గారు నాగపూర్ వైపు ఇంజనీరు. భువనగిరిలో కొంత చదువయ్యాక తమ్ముడు కూడా అక్క దగ్గరికే వెళ్ళిపోయారు. అందుకే తెలుగువాళ్ళ చరిత్రకి ఇంత చేసిన మనిషి పెరిగింది మరాఠీ ఊళ్ళో. మరాఠీ ఎంత బాగా వచ్చిందంటే అక్కడి పత్రికలకి మరాఠీలోనే వ్యాసాలు రాసేవారు. అక్కడే బి.ఏ. అయింది. తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఏ. ప్రైవేటుగా కట్టి పాసయ్యారు.

నాకు బాగా నచ్చిన భాగం ఆ నాగపూర్ ఇల్లు. అచ్చమాంబ గారు బడికి వెళ్ళలేదు. తమ్ముడు ఇంట్లో చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ముందు తెలుగు, హిందీ, తర్వాత ఇంకొన్ని భాషలు. అలా నేర్చుకున్న ఆవిడ భారతదేశంలోని గొప్ప స్త్రీల జీవితాలు సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల అని 1901లో పుస్తకం వేశారు. 1902లో ధనత్రయోదశి అనే కథ రాశారు. తెలుగులో మొదటి కథ గురజాడదా ఈవిడదా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు కదా, ఆ కథలు రాసినావిడ ఈమే. మనకి బడి ఉంది, ఫీజు ఉంది, వైఫై ఉంది. ఆవిడకి ఉన్నదల్లా తమ్ముడి పాఠాలు. 1905లో ముప్ఫై ఏళ్ళ వయసులో ప్లేగుతో పోయారు. తమ్ముడు దీన్ని ఎలా తట్టుకున్నారో ఎక్కడా చదవలేదు గానీ, ఆ మరుసటి ఏడాది పుట్టిన కూతురికి మాత్రం అచ్చమాంబ అనే పేరు పెట్టుకున్నారు.

చదువయ్యాక ఉద్యోగం మునగాలలో. రాజా నాయని వెంకట రంగారావు గారి సంస్థానానికి దివాను. మునగాల పరగణా ఒక తమాషా అయిన చోటు. చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో ద్వీపంలాగా బ్రిటిష్ వాళ్ళ కృష్ణా జిల్లా ముక్క. రాజా గారు కూడా లక్ష్మణరావు గారి ఈడువారే. ఒకరికి డబ్బుంది, ఇంకొకరికి ఆలోచన ఉంది, ఇద్దరికీ పుస్తకాల పిచ్చి. స్టార్టప్ మొదలెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి?

మొదటిది లైబ్రరీ. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. అప్పటికి లక్ష్మణరావు గారికి 24 ఏళ్ళు. ఆ రోజుల్లో నైజాంలో ఆఫీసు, కోర్టు అన్నీ ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడికి బయట దాంతో పని లేదు. ఇది చదివినప్పుడు నాకు మా స్కూల్ గుర్తొచ్చింది. పేరెందుకులెండి. అక్కడ తెలుగులో మాట్లాడితే పది రూపాయలు ఫైన్. నేను టెన్త్ వరకు కట్టిన ఫైన్లతో ఒక చిన్న లైబ్రరీ పెట్టొచ్చు. ఫైన్ ఎవరు వేశారన్నది మారింది గానీ పిల్లాడి పరిస్థితి పెద్దగా మారలేదనిపించింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. తెలంగాణలో తర్వాత వచ్చిన గ్రంథాలయ ఉద్యమం, ఆంధ్ర మహాసభ, వీటన్నిటి వేర్లు వెతుకుతూ వెళ్తే ఈ పుస్తకాల గదుల దగ్గరే తేలతాం.

లైబ్రరీ పెట్టాక అసలు సమస్య తెలిసొచ్చినట్టుంది. బీరువాలో పెట్టడానికి పుస్తకాలేవి? కావ్యాలున్నాయి, పురాణాలున్నాయి, శతకాలున్నాయి. కలరా ఎందుకొస్తుందో, దేశంలో సరుకు ధర ఎందుకు పెరుగుతుందో, కాకతీయులు ఎప్పుడు ఏలారో ఇంగ్లీషు రానివాడు తెలుసుకోవాలంటే దారి లేదు. సర్లే, మనమే రాయిద్దాం అనుకున్నారు. 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టింది. రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు వీళ్ళందరూ ఆ టీమే. కాళేశ్వరరావు గారు తర్వాత ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి మొదటి స్పీకరయ్యారు. 1908లో మండలిని మద్రాసుకి మార్చారు.

మండలి మొదటి పుస్తకం ఏంటో ఊహించండి. అబ్రహాం లింకన్ జీవితం. రాసింది గాడిచర్ల, వచ్చింది 1907లో. బానిసల్ని విడిపించిన మనిషి కథని బానిస దేశంలో అచ్చేస్తే చదివేవాడికి ఇంకో మాట చెప్పక్కర్లేదు. ఆ గాడిచర్ల గారినే 1908లో పత్రికలో రాసిన రాతకి రాజద్రోహం కేసు పెట్టి జైల్లో వేశారు. సంస్థ పెట్టి రెండేళ్ళే అయింది, ముఖ్యమైన రచయిత జైల్లో. అయినా పుస్తకాలు ఆగలేదు.

తర్వాత వచ్చినవి చూస్తే నాకు మతిపోయింది. లక్ష్మణరావు గారు స్వయంగా హిందూ మహాయుగం, మహమ్మదీయ మహాయుగం అని దేశ చరిత్ర రాశారు. శివాజీ చరిత్ర రాశారు. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం 1910లో వేశారు. ఆచంట లక్ష్మీపతి గారి చేత జీవశాస్త్రం, మంత్రిప్రగడ సాంబశివరావు గారి చేత పదార్థ విజ్ఞాన శాస్త్రం, వేమూరి విశ్వనాథశర్మ గారి చేత రసాయన శాస్త్రం రాయించారు. కట్టమంచి రామలింగారెడ్డి గారి అర్థశాస్త్రం కూడా ఈ మాలలోదే. వ్యవసాయం మీద పుస్తకం ఉంది. చారిత్రక నవలలు కూడా వేశారు, రాయచూరు యుద్ధం లాంటివి. అంటే మనం ఇప్పుడు పుస్తకాల షాపులో కల్చర్, బిజినెస్, సైన్స్ అని వేరువేరు ర్యాకుల్లో చూసేదంతా ఒక్క సంస్థ, ఆయన సంపాదకత్వంలో, వరసగా నింపుకుంటూ పోయింది.

చెప్పినంత తేలిక కాదిది. ఒక్క ఉదాహరణ. ఫిజిక్స్ పుస్తకం రాయాలంటే ముందు ఫిజిక్స్ అనడానికి మాట ఉండాలి. వాళ్ళు పదార్థ విజ్ఞానం అన్నారు, మనం ఇప్పుడు భౌతిక శాస్త్రం అంటున్నాం. ప్రతి పేజీలో ఇలాంటివి పది తగులుతాయి. మేం ఆ స్కాన్లు చదువుతూ ఒక్కో మాటకి ఇంగ్లీషు ఏమై ఉంటుందా అని గంటలు గంటలు కొట్టుకున్నాం. రాసినవాళ్ళు ఉల్టా దిశలో ఎంత కొట్టుకున్నారో.

అన్నీ పొగడ్తలేనా అంటే, కాదు. ఆ తెలుగు నాకు కష్టంగానే ఉంది. వాక్యం మొదలైన చోటికీ క్రియ దొరికే చోటికీ మధ్యలో నిద్రొస్తుంది. మామూలు జనానికి విజ్ఞానం అందాలని పెట్టిన సంస్థ మామూలు జనం మాట్లాడని భాషలో రాయడం నాకు కొంచెం వింతగానే అనిపించింది. ఇంకోటి, దేశ చరిత్రని హిందూ యుగం, మహమ్మదీయ యుగం అని ముక్కలు చెయ్యడం ఇంగ్లీషు చరిత్రకారులు పెట్టిన పద్ధతి. దాన్ని అలాగే తీసుకున్నారు. ఇప్పుడు ఎవరైనా అలా రాస్తే హిస్టరీ వాళ్ళు ఊరుకోరు. అయితే ఒకటి, ఆయన ఊరికే ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని దించలేదు. శాసనాలు స్వయంగా చదివేవారు. రాతి మీది పాత లిపి కూడబలుక్కుని, తేదీ తేల్చి, అప్పుడు రాసేవారు. డేటా క్లీనింగ్ ఎంత నరకమో తెలిసిన మన బ్రాంచి వాళ్ళకి దీని విలువ చెప్పక్కర్లేదు.

ఇంక ఆయన్ని మింగేసిన ప్రాజెక్టు గురించి. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా లాంటిది తెలుగులో ఉండాలి అనుకున్నారు. పేరు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. 1912-13 ప్రాంతంలో పని మొదలైంది. అకారాది క్రమం, అంటే అ నుంచి మొదలుపెట్టి వరసగా. వేదం, గణితం, దేశాలు, రాజులు, రోగాలు, అన్నీ ఉండాలి, ప్రతిదీ ఆ విషయం తెలిసినవాళ్ళే రాయాలి, దొరక్కపోతే తనే చదివి రాయాలి. మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు అప్పుడు కుర్రాడు, ఆయన దగ్గర సహాయకుడిగా చేరారు. తర్వాతి రోజుల్లో పెద్ద చరిత్రకారుడైన మల్లంపల్లి వారు పని నేర్చుకున్నది ఇక్కడే.

మూడు పెద్ద సంపుటాలు వచ్చాయి. మూడూ అ దగ్గరే. తెలుగు అక్షరమాల తెలుసు కదా, అ తర్వాత ఇంకా ఎంత ఉందో! ఇవ్వాళ్టి ఏ మేనేజరైనా మొదటి సంపుటం అయ్యేసరికే స్కోపు తగ్గించమని మొత్తుకునేవాడు. ఆయన తగ్గించలేదు. ఇది పట్టుదలా మొండితనమా అని మా రూములో పెద్ద వాదనే అయింది. నా రూమ్మేటు ప్లానింగ్ లోపం అన్నాడు. నేను ఒప్పుకోలేదు గానీ, అ తో మొదలయ్యే ఊళ్ళ గురించి అన్ని పేజీలు అవసరమా అంటే జవాబు కూడా చెప్పలేకపోయాను.

మద్రాసులో ఆయన ఇంటి పేరు వేదవిలాస్. ఆ ఇల్లు సగం ఆఫీసు, సగం సత్రం లాంటిదట. కందుకూరి వీరేశలింగం గారు తన కవుల చరిత్రని సవరించి మళ్ళీ అచ్చు వేయించే పని మీద మద్రాసు వచ్చి ఈ ఇంట్లోనే దిగారు. 1919 మే 27న అక్కడే కన్నుమూశారు. లక్ష్మణరావు గారిది మొదట్నుంచీ అంత గట్టి ఆరోగ్యం కాదు, ఉబ్బసం ఉండేది. అయినా సంస్థానం పని, మండలి పని, విజ్ఞాన సర్వస్వం పని, మూడూ నడిపారు. 1923 జూలై 12న, వీరేశలింగం గారు పోయిన ఆ గదిలోనే, ఆయనా పోయారు. 46 ఏళ్ళు. మా నాన్న కంటే చిన్నవాడు.

ఆ వయసు లెక్క వేసుకున్న రోజు నాకు చదవబుద్ధి కాలేదు. పోయిన నెల ల్యాబ్ ఎగ్జామ్ అయ్యాక మెట్రోలో సుల్తాన్ బజార్ దిగి ఆ లైబ్రరీకి వెళ్ళాను. మార్కెట్ గోలలో కనుక్కోవడం కష్టమే, ఇద్దరిని అడిగితే గానీ దొరకలేదు. లోపల పెద్దాయనలు నలుగురు పేపర్లు చదువుకుంటున్నారు. కుర్రాణ్ణి నేనొక్కణ్ణే. ఇది మొదలైనప్పుడు పెట్టినవాళ్ళందరూ దాదాపు నా ఈడు వాళ్ళు కదా అని అక్కడ కూర్చున్నంతసేపూ అనిపిస్తూనే ఉంది.

ఆయన పోయాక విజ్ఞాన సర్వస్వాన్ని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఎత్తుకున్నారు. అమృతాంజనం పెట్టిన ఆయనే, ఆంధ్రపత్రిక ఆయనదే. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు పుస్తకాల మీద పెట్టేవారు. 1930లలో సంపుటాలు మళ్ళీ అచ్చయ్యాయి. 1938లో పంతులు గారూ పోయారు, పని మళ్ళీ మధ్యలోనే. కూతురు అచ్చమాంబ గారు డాక్టరయ్యారు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి గెలిచారు. ఆవిడ కూడా ఒక పుస్తకం రాశారు, ప్రసూతి శిశుపోషణ అని, తెలుగులో, ఆడవాళ్ళు తామే చదువుకోవడానికి. తెలుగు వికీపీడియాలో బాగా పనిచేసేవాళ్ళకి ఇవ్వడానికి ఒక పురస్కారాన్ని కూడా లక్ష్మణరావు గారి పేరు మీదే పెట్టారు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో తెలుగు భాషా సమితి అని పెట్టి మళ్ళీ విజ్ఞాన సర్వస్వం మొదలెట్టారు. అందులో మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు ఉన్నారు, ఒకప్పుడు వేదవిలాస్‌లో సహాయకుడిగా పనిచేసిన ఆయనే. ఈసారి అ నుంచి మొదలుపెట్టలేదు. ఒక్కో విషయానికి ఒక్కో సంపుటం అని పెట్టుకున్నారు.