హతసాక్షియైన వాలెంటైను

ఫిబ్రవరి 14వ తేదీని లోకము ప్రేమికుల దినముగా ఆచరించుచున్నది. ఆ పేరు ఒక హతసాక్షిది. 3వ శతాబ్దమున రోమాలో క్రీస్తు నిమిత్తము ప్రాణమర్పించిన వాలెంటైనును ఫ్లామినియా మార్గము ప్రక్కన పాతిపెట్టిరి. 4వ శతాబ్దమున ఆ సమాధియొద్ద దేవాలయము కట్టబడెను. ఆయన రహస్యముగా పెండ్లిండ్లు చేసెననునది తరువాత పుట్టిన కథ. మేమును ఒకప్పుడు దానిని సత్యమని ప్రసంగించితిమి. ఆ తప్పు ఒప్పుకొనుచున్నాము. 14వ శతాబ్దమున ఆంగ్లకవి చాసరు, పక్షులు జతగూడు దినమని దీనిని వర్ణించెను. ప్రేమ ముచ్చట అప్పటినుండి దీనికి అంటుకొనెను. నేడు జపానులో స్త్రీలు పురుషులకు చాక్లెట్లు ఇత్తురు. ఫిన్లండులో ఇది స్నేహితుల దినము. కానుక లిచ్చుట సులువు. ప్రాణమిచ్చుటయే ఆ హతసాక్షి ప్రేమ. ఈ నెల యోహాను 15:13 మన యిండ్లలో చదువుకొందము.