ఆకలికి కారణము వెదకిన జోసెఫ్ రౌంట్రీ

ధ్యానభాగము: నెహెమ్యా 2:11–18

నెహెమ్యా యెరూషలేము చేరిన వెంటనే రాతిమీద రాయి పెట్టలేదు. మూడు దినములైన పిమ్మట, రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని, పడిపోయిన ప్రాకారమును కాలిపోయిన గుమ్మములను తిరిగి చూచెను. నష్టమెంతో తెలిసికొనిన తరువాతనే కట్టుటకు జనులను పిలిచెను. ఈ నెల మనము తలంచుకొను భక్తుడును అట్టి పని చేసినవాడే. ఇంగ్లండులో ప్రాకారముగల యార్కు పట్టణము ఆయన ఊరు. అయితే ఆయన పరీక్షింపగోరినది రాతిగోడ కాదు, బీదల యిండ్లలోని లేమి.

జోసెఫ్ రౌంట్రీ 1836 మే 24న జన్మించెను. తండ్రి కిరాణా వర్తకుడు. వారు క్వేకరులు, అనగా పాదిరిగారు లేకయే కూడుకొని, మౌనముగా దేవుని సన్నిధిని కనిపెట్టు సమాజమువారు. 1850లో, జోసెఫునకు పదునాలుగేండ్లప్పుడు, తండ్రి అతనిని ఐర్లండునకు తీసికొనిపోయెను. బంగాళాదుంపల పంటకు తెగులు సోకి, కరవువలనను రోగములవలనను సుమారు పదిలక్షలమంది ఆ దేశములో మరణించియుండిరి. ఆ కరవు మిగిల్చిన దుఃఖమును బాలుడు కన్నులార చూచెను.

యౌవనమందే ఆయన ఆదివారపు ఉదయములలో పనివాండ్రకు చదువును బైబిలును నేర్పు వయోజనుల బడిలో ఉపాధ్యాయుడాయెను. ఆ పని అనేక సంవత్సరములు విడువక చేసెను. 1862లో వివాహమాడిన భార్య మరుసటి యేడే చనిపోయెను. ఆ దుఃఖకాలమునకు సమీపముననే ఆయన దేశములోని దరిద్రత, నేరములు, చదువులేమి అను వాటిని గూర్చిన లెక్కలు సేకరించి వ్రాయ మొదలుపెట్టెను. బీదలను చూచి జాలిపడినవారు ఆనాడు పెక్కుమంది. బీదతనమును లెక్కపెట్టి చూచినవారు బహు కొద్దిమంది.

1869లో ఆయన తమ్ముని కోకో కర్మాగారము నష్టములో చిక్కుకొనగా, దానిని నిలువబెట్టుటకు చేరెను. గోదావరి జిల్లాల కొబ్బరితోటలలో ఇప్పుడు మనవారు పండించు కోకో గింజలవంటి గింజలతోనే ఆ వ్యాపారము నడిచెను. అప్పుడు పనివారు సుమారు ముప్పదిమంది. ఇరువదవ శతాబ్దము ఆరంభమునకు వేలమంది. కర్మాగారమునకు వైద్యుని నియమించెను. 1906లో పనివారికి పింఛను నిధి ఏర్పరచెను.

ఆయన కుమారుడు సీబోమ్, తండ్రి త్రోవనే నడచి, 1899లో యార్కులోని పనివారి యిండ్లన్నిటి స్థితిని ఇంటింట విచారణ చేయించెను. 11,560 కుటుంబములు, 46,754 మంది. భార్యాభర్తలు, ముగ్గురు బిడ్డలు గల యింటికి ఒంటిలో బలము నిలుచుటకు మాత్రమే వారమునకు 21 షిల్లింగుల 8 పెన్నీలు కావలెనని లెక్కకట్టెను. ఆ లెక్కలో బండి కిరాయి లేదు, వార్తాపత్రిక లేదు, బిడ్డకు బొమ్మ లేదు, గుడిలో వేయు కానుక సయితము లేదు. 1901లో ఫలితము పుస్తకముగా వెలువడెను. పట్టణములో నూటికి దాదాపు 28 మంది లేమిలో నుండిరి. వీరిలో కొందరికి రాబడి చాలినను, త్రాగుడు మొదలగు ఖర్చులవలన ఇల్లు గడువలేదు. అయితే నూటికి దాదాపు పదిమందికి, ఎంత పొదుపు చేసినను చాలని రాబడి. వీరు సోమరులని లోకము తలంచెను. విచారణలో తేలినది వేరు. ఆ పదిమందిలో సగముకంటె ఎక్కువమంది, ఇంటి యజమానుడు ప్రతిదినము పనికి పోవుచున్నను, కూలి చాలనందున బీదలైనవారు. ఇంటి యజమానుడు చనిపోయినందున బీదలైనవారు నూటికి 15కు పైగా. పని దొరకనివారు నూటికి మూడు పాళ్లయినను లేరు.

జోసెఫ్ తానే వేలమందికి కూలి యిచ్చువాడు. ఈ మాటలు మొదట తన గుమ్మముననే నిలిచి తట్టునవి. యార్కు దగ్గర భూమి కొని, 1902 మొదలుకొని పనివారికి గాలి, వెలుతురు, పెరటితోట గల యిండ్లతో న్యూ ఇయర్స్విక్ అను గ్రామమును కట్టించెను. 1904 డిసెంబరులో తన ఆస్తిలో దాదాపు సగము మూడు ధర్మనిధులకు వ్రాసియిచ్చెను. బీదలకు సూపు పోయు సత్రమునకు ఎవరైనను చందా యిత్తురు గాని, బీదతనమునకు మూలమేమని వెదకు పనికి ఇచ్చువారు అరుదని ఆయన అప్పుడు వ్రాసెను. తన ధనము ఆ వెదకుటకు వాడవలెనని కోరెను. కాలము మారినకొలది పనిని మార్చుకొను స్వేచ్ఛను ధర్మకర్తలకు విడిచెను.

ఈ భక్తుని కథలో నీడయు కలదు. కర్మాగారమునకు వచ్చిన కోకోలో కొంత, పోర్చుగీసువారి క్రింద నుండిన సావో తోమే దీవులలో, బానిసలవంటి కూలీలు పండించినది. 1909లో గాని రౌంట్రీవారును ఇతర కోకో వర్తకులును ఆ కొనుగోలు మానుకొనలేదు. సొంత పట్టణములోని లేమిని ఇంటింట వెదకినవారికి, సముద్రము ఆవలి లేమి ఆలస్యముగా కనబడెను.

జోసెఫ్ 1925 ఫిబ్రవరి 24న యార్కులో కన్నుమూసెను. ఆయన నిధులలో నొకటి జోసెఫ్ రౌంట్రీ ఫౌండేషన్ అను పేరుతో, బ్రిటనులోని బీదతనమును గూర్చి విచారించి ప్రకటించుచు నేటికిని పనిచేయుచున్నది.

ప్రియులారా, పండుగనాడు విధవరాండ్రకు చీరలు, వృద్ధులకు బియ్యము పంచుట మంచి పని, దానిని మానవలదు. అయితే నిరుడు పుచ్చుకొనిన చేయియే ఈ యేడును చాపబడినయెడల, ఏలయని మనమడిగితిమా? ఆ యింటిని క్రుంగదీయునది వడ్డీయా, వైద్యపు ఖర్చా, సారాయా, చాలని కూలియా? ఆ కూలి యిచ్చువాడు మన సంఘములోనే ముందువరుసలో కూర్చుండువాడా? ఎరుగనివాని వ్యాజ్యెమును సయితము తాను విచారించితినని యోబు సాక్ష్యమిచ్చెను (యోబు 29:16). సంఘపెద్దలు ఈ నెలలో ఒక్క సాయంకాలము, పంచుటకు కాదు, వినుటకై ఇండ్లకు వెళ్లుదురు గాక. చూచిన తరువాత కట్టుదము.

ప్రార్థన: ప్రభువా, ఇచ్చు చేతులతోకూడ, విచారించు మనస్సును, మా తప్పు మాకు కనబడినప్పుడు దిద్దుకొను ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.