విజ్జీ పులుల లెక్క

మన విజయనగరం పూసపాటి రాజుల రెండో కుమారుడు విజయానంద గజపతిరాజు 1905లో జన్మించారు. లోకానికి ఆయన ‘విజ్జీ’. 1936లో భారత క్రికెట్ కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్ళి మూడు టెస్టుల్లో 33 పరుగులే చేశారు. వేటలో మాత్రం మూడొందలకు పైగా పులుల్ని కాల్చానని చెప్పుకునేవారట!

ఆనాటి రాజులకూ తెల్లదొరలకూ వేట తుపాకుల మోజు ఒకటే. వాళ్ళు తుపాకులతో మంచెలెక్కి కూర్చుంటే, కింద కూలి జనం డప్పులు కొట్టుకుంటూ పొదల్లోంచి పులిని అటు తోలేవారు. గాయపడ్డ పులి తిరగబడితే ముందు దొరికేది వాళ్ళే. వాళ్ళ చేతిలో కర్ర తప్ప ఏముంటుంది? మిత్రులారా, విజ్జీ గురించి చదివిన ప్రతిచోటా పులుల లెక్కే కనిపించింది, వాళ్ళలో ఒక్కరి పేరూ కనిపించలేదు.

విజ్జీ 1965 డిసెంబర్ 2న కాశీలో మరణించారు. మరో ఏడేళ్ళకు, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది.