మధ్యలో ఇంకో స్టేషన్: హైరమ్ పెర్సీ మాక్సిమ్ కథ

మన కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టులో హాప్ అనే మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కలేదు. ప్యాకెట్ నేరుగా గమ్యం చేరలేకపోతే మధ్యలో ఉన్న రౌటర్ చేతిలో పెడుతుంది, అది ఇంకోదానికి అందిస్తుంది. ఇదే పనిని కంప్యూటర్లు పుట్టకముందు, రౌటర్లకి బదులు జీతం లేని మనుషుల్ని పెట్టి ఒకాయన చేయించాడు. ఆయన పేరు హైరమ్ పెర్సీ మాక్సిమ్. హామ్ రేడియో వాళ్ళలో ఈ పేరు వినని వాళ్ళు తక్కువ. బయట ప్రపంచానికి తెలిసింది మాత్రం వాళ్ళ నాన్న పేరు, అది కూడా ఒక తుపాకీ వల్ల.

హామ్ రేడియో అంటే తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత డబ్బుతో రేడియో స్టేషన్ పెట్టుకుని మాట్లాడుకునే వాళ్ళని హామ్‌లు అంటారు. దీని మీద పైసా సంపాదించకూడదు. మన దేశంలో 12 ఏళ్ళు నిండితే పరీక్ష రాయొచ్చు. మా బ్యాచ్‌లో ముగ్గురం దానికి ప్రిపేర్ అవుతున్నాం. సిలబస్‌లో మాక్సిమ్ గురించి ఏమీ లేదు. తుఫాను వచ్చినప్పుడల్లా అధికారులు ఈ హాబీ వాళ్ళని ఎందుకు పిలుస్తారు అని వెతుకుతూ పోతే ఆయన దగ్గర తేలాను.

పెర్సీ 1869 సెప్టెంబరు 2న న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ పెద్ద ఇన్వెంటర్. 1881లో పారిస్‌లో జరిగిన ఎలక్ట్రిసిటీ ఎగ్జిబిషన్‌కని యూరప్ వెళ్ళి, తర్వాత లండన్‌లో స్థిరపడిపోయాడు. అక్కడ తయారు చేసిందే మాక్సిమ్ గన్, తనంతట తానే గుండ్లు లోడ్ చేసుకుంటూ పేల్చే మొదటి మెషిన్ గన్. ఆఫ్రికాలో వలస పాలకులు దానితో ఎంతమందిని చంపారో చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆ తండ్రికి బ్రిటన్‌లో సర్ బిరుదు వచ్చింది. ఇక్కడ అమెరికాలో భార్యాపిల్లలు వాళ్ళ బతుకు వాళ్ళు బతికారు. అప్పటికి పెర్సీకి పన్నెండేళ్ళు. పెద్దయ్యాక ఆయన తండ్రి గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో పగ లేదట, నవ్వు ఎక్కువట. దూరంగా ఉండిపోయిన తండ్రి గురించి అలా రాయగలిగాడంటే ఆయన మనసు ఎలాంటిదో కొంచెం అర్థమవుతుంది.

చదువులో మాత్రం మన ర్యాంకర్లకి తీసిపోడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మెకానిక్ ఆర్ట్స్ కోర్సు 1886లో పూర్తి చేసేసరికి ఆయనకి ఇంకా పదహారే. 1892లో ఒక రాత్రి సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి వస్తుంటే, కాళ్ళకి బదులు చిన్న ఇంజన్ ఈ పని చేస్తే ఎలా ఉంటుంది అన్న ఆలోచన వచ్చింది. పెట్రోలు ఎంత బలంగా పేలుతుందో తెలుసుకోవడానికి ఒక ఖాళీ తూటా గొట్టంలో చుక్కలు వేసి అగ్గిపుల్ల గీసి చూశాడు. ఇది మాత్రం మన ల్యాబ్‌లో ఎవరూ ట్రై చేయకండి. మొత్తానికి మూడు చక్రాల బండికి ఇంజన్ బిగించాడు. దాంతో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పోప్ కంపెనీ వాళ్ళు కార్ల విభాగంలో ఉద్యోగం ఇచ్చారు. ఆ ఊరే ఆయన ఊరైపోయింది. 1909లో తుపాకీకి బిగించే సైలెన్సర్ మీద పేటెంట్ తీసుకున్నాడు. తండ్రి తుపాకీ మోత పెంచితే కొడుకు తగ్గించాడని అప్పట్లో జోకులు పేలే ఉంటాయి. మోత తగ్గిన తుపాకీ కూడా తుపాకీయే కదా అని నాకు అనిపిస్తుంది. అదే సూత్రంతో తర్వాత ఇంజన్ల చప్పుడు తగ్గించే పరికరాలు కూడా చేశాడు. ఇంతవరకే అయితే ఈయన గురించి నేను రాసేవాణ్ణి కాదు.

రేడియో పిచ్చి ఆయనకి కొడుకు వల్ల పట్టుకుంది. నలభై దాటిన మనిషి పిల్లాడితో కలిసి ఇంట్లో తీగలు చుట్టడం మొదలుపెట్టాడు. అప్పట్లో రేడియో అంటే మాటలు, పాటలు కాదు. పెద్ద చప్పుడుతో నిప్పురవ్వలు ఎగరేసి, ఆ రవ్వల్ని పొట్టిగా, పొడుగ్గా మార్చి మోర్స్ కోడ్ పంపడం. 1912లో టైటానిక్ మునిగాక అమెరికా ప్రభుత్వం రేడియో చట్టం తెచ్చింది. హాబీ వాళ్ళకి లైసెన్సు తప్పనిసరి చేసి, 200 మీటర్లు, అంతకన్నా పొట్టి తరంగాలు మాత్రమే వాడుకోండి అంది. ఆ తరంగాలు దూరం పోవు, దేనికీ పనికిరావు అని ఆనాటి నిపుణుల నమ్మకం. అంటే ఎవరికీ అక్కర్లేని స్థలాన్ని పిల్లలకి ఆడుకోమని వదిలేశారన్నమాట. పవర్ కూడా ఒక కిలోవాట్ దాటకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. 1914 ఏప్రిల్. మాక్సిమ్‌కి ఆడియాన్ అనే వాక్యూమ్ ట్యూబు ఒకటి కావాల్సి వచ్చింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక హామ్ దగ్గర అది అమ్మకానికి ఉంది. హార్ట్‌ఫర్డ్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కి ముప్ఫై మైళ్ళు కూడా ఉండదు. ఈయన స్టేషనేమో చట్టం ఒప్పుకున్నంత పెద్దది, ఒక కిలోవాట్. ఎంత పిలిచినా అవతల వినబడలేదు. ఇలాంటప్పుడు ఇంజనీర్ బుర్ర ఏమంటుంది? యాంటెన్నా ఎత్తు పెంచు, కాయిల్ మార్చు అంటుంది. ఆయన బుర్ర ఇంకోవైపు తిరిగింది. రెండు ఊళ్ళకీ మధ్యలో విండ్సర్ లాక్స్ అనే చిన్న ఊరుంది, అక్కడ తనకి తెలిసిన హామ్ ఉన్నాడు. అతన్ని పిలిచి, ఈ మెసేజ్ స్ప్రింగ్‌ఫీల్డ్‌కి అందించు అన్నాడు. అతను అందించాడు. అంతే.

ఇందులో గొప్పేముంది, తంతి ఆఫీసులు ముందునుంచీ అదే చేస్తున్నాయి కదా అనొచ్చు. నిజమే. కానీ తంతి ఆఫీసుకి తీగ ఉంది, కంపెనీ ఉంది, జీతాలున్నాయి. ఇక్కడ ఉన్నది స్కూలు పిల్లలు, మెకానిక్కులు, దుకాణాల వాళ్ళు. ఎవరికి వాళ్ళు అటకల మీద కూర్చుని సరదాకి టక్కుటక్కుమనిపించుకుంటున్నారు. వీళ్ళందర్నీ ఒక వరసలో పెడితే దేశం ఈ చివర నుంచి ఆ చివరకి మెసేజ్ పంపొచ్చని మాక్సిమ్‌కి తట్టింది. అదే నెలలో హార్ట్‌ఫర్డ్ రేడియో క్లబ్ మీటింగులో ప్రతిపాదన పెట్టాడు. క్లారెన్స్ టస్కా అనే కుర్రాడు తోడు నిలిచాడు. అలా పుట్టిందే అమెరికన్ రేడియో రిలే లీగ్. పేరులోనే రిలే ఉంది చూడండి. ఇద్దరూ దేశంలో తెలిసిన స్టేషన్లన్నింటికీ అప్లికేషన్ ఫారాలు పంపారు. నీ పవర్ ఎంత, ఎంత దూరం వినబడతావు, ఏ టైములో రేడియో దగ్గర ఉంటావు, ఇలాంటి వివరాలు సేకరించారు. కొద్ది నెలల్లోనే 200 పైచిలుకు స్టేషన్ల లిస్టు తయారైంది. మన భాషలో రౌటింగ్ టేబుల్ అనుకోండి. 1915 డిసెంబరులో క్యూఎస్‌టీ అనే పత్రిక మొదలైంది, ఈనాటికీ వస్తోంది. 1917 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి ఒక మెసేజ్ వెళ్ళి, జవాబు వెనక్కి రావడానికి పట్టింది ఒక గంటా ఇరవై నిమిషాలు. అంతా స్టేషన్ నుంచి స్టేషన్‌కి చేతులు మారుతూనే.

చేతులు మారితే మెసేజ్ పాడవుతుంది, చిన్నప్పుడు చెవిలో చెప్పుకునే ఆట ఆడిన వాళ్ళకి తెలుసు. అందుకే లీగ్ మెసేజ్‌కి ఒక పద్ధతి ఉంటుంది. పైన నంబరు, బయల్దేరిన స్టేషన్, ఊరు, టైము, తేదీ. వీటితో పాటు మెసేజ్‌లో ఎన్ని పదాలున్నాయో లెక్క. అందుకున్నవాడు పదాలు లెక్కపెట్టి, తేడా వస్తే మళ్ళీ అడుగుతాడు. మనం చెక్‌సమ్ అని చదువుకున్నది పెన్సిల్‌తో చేసేవాళ్ళన్నమాట.

క్రమశిక్షణ నేర్పడానికి మాక్సిమ్ ఎంచుకున్న దారి నాకు భలే నచ్చింది. క్యూఎస్‌టీలో ముసలాయన అనే మారుపేరుతో ఒక చిరాకు మనిషి గొంతు పెట్టి కథలు రాసేవాడు. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడేవాళ్ళనీ, అవతలివాడు పనిలో ఉంటే అడ్డొచ్చేవాళ్ళనీ ఏకిపారేసేవాడు. అలాంటి వాళ్ళని శిక్షించడానికి వూఫ్ హాంగ్ అనే భయంకరమైన పరికరం ఉందని కూడా సృష్టించాడు. తర్వాత నిజంగానే ఒక వంకర చెక్క వస్తువు లీగ్ ఆఫీసుకి చేరింది. దాన్ని ఇప్పటికీ భద్రంగా దాచి పెట్టుకున్నారు. ఆ ముసలాయన తమ ప్రెసిడెంటేనని చాలామంది సభ్యులకి ఆయన పోయాకే తెలిసింది. రూల్స్ నోటీసు బోర్డు మీద పెడితే ఎవరు చదువుతారు, చెప్పండి?

1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో దిగగానే హామ్ స్టేషన్లన్నీ మూసేయమన్నారు, యాంటెన్నాలు దించేయమన్నారు. వేలమంది హామ్‌లు సైన్యంలో ఆపరేటర్లుగా చేరారు. యుద్ధం అయ్యాక రేడియో మొత్తం నేవీ చేతిలో ఉంచాలని బిల్లు వచ్చింది. మాక్సిమ్ వాషింగ్టన్ వెళ్ళి దానికి వ్యతిరేకంగా వాదించాడు. చివరికి 1919లో తిరిగి అనుమతి వచ్చింది. ఎవరికీ పనికిరావని వదిలేసిన పొట్టి తరంగాల మీదే 1923 నవంబరులో కనెక్టికట్ హామ్‌లు ఫ్రాన్స్‌లోని లియోన్ డెలోయ్‌తో అట్లాంటిక్ దాటి మాట్లాడారు. 1925లో పారిస్‌లో అంతర్జాతీయ సంఘం ఏర్పడితే మొదటి ప్రెసిడెంట్ మాక్సిమే.

విపత్తుల మాటకొస్తే, లీగ్ పుట్టకముందే 1913 మార్చిలో ఒహాయో వరదల్లో తీగలన్నీ తెగిపోతే కాలేజీల స్టేషన్లు, హామ్‌లు మెసేజ్‌లు అందించారు. కానీ అది ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసిన సాయం. లీగ్ వచ్చాక తేడా ఏంటంటే, మెసేజ్ ఎలా రాయాలో, ఎవరికి అందించాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో వాళ్ళకి రోజూ అలవాటే. హుద్‌హుద్ తుఫాను అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. విశాఖలో మా పెద్దమ్మ వాళ్ళ ఫోన్ మూడు రోజులు కలవలేదు. అమ్మ ఫోన్ చేతిలోంచి దించలేదు, అన్నం కూడా సరిగా తినలేదు. బాగున్నాం అనే ఒక్క మాట చాలు, అది దాటి రావడానికి దారి లేదు. టవర్ ఉంది, దానికి కరెంటు లేదు. కేబుల్ ఉంది, మీద చెట్టు పడింది. హామ్ స్టేషన్‌కి ఇవేవీ అక్కర్లేదు. ఒక కారు బ్యాటరీ, ఒక తీగ, దాన్ని కట్టడానికి చెట్టు చాలు. అన్నిటికన్నా ముఖ్యం, అవతల వినడానికి అలవాటు పడ్డ మనిషి ఉండాలి. 1928లో ఫ్లోరిడా పామ్ బీచ్‌ని తుఫాను చిన్నాభిన్నం చేసినప్పుడు బయటికి కబురు మోసింది హామ్‌లే. 1935లో లీగ్ దీనికోసమే ఎమర్జెన్సీ కోర్ అని ప్రత్యేక దళం మొదలుపెట్టింది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మాక్సిమ్ భార్యతో కలిసి రైల్లో కాలిఫోర్నియా బయల్దేరాడు, లిక్ అబ్జర్వేటరీ చూడాలని. నక్షత్రాల పిచ్చి కూడా ఉండేది మరి. దారిలో జబ్బు చేసింది. కొలరాడోలోని లా హంటా అనే ఊళ్ళో దించి ఆసుపత్రిలో చేర్చారు. 1936 ఫిబ్రవరి 17న పోయాడు. అరవై ఆరేళ్ళు.

సరిగ్గా నెలకి, మార్చి మధ్యలో, మంచు కరిగి, దాని మీద వాన పడి అమెరికా ఈశాన్య రాష్ట్రాలన్నీ మునిగాయి. పిట్స్‌బర్గ్‌లో నీళ్ళు 46 అడుగులకి లేచాయి. కనెక్టికట్ నది పొంగి హార్ట్‌ఫర్డ్ నడి ఊళ్ళోకి వచ్చింది. మాక్సిమ్ సొంత ఊరు అది. బ్రెయినార్డ్ ఫీల్డ్‌లో ఉన్న లీగ్ ప్రధాన స్టేషన్ కూడా ఆ వరదలో పోయింది. అంటే నెట్‌వర్క్ పెట్టినాయన లేడు, దాని సెంట్రల్ స్టేషన్ నీళ్ళలో ఉంది. అయినా ఊరూరా హామ్‌లు బ్యాటరీల మీద మెసేజ్‌లు మోస్తూనే ఉన్నారు. మన సర్లు సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ గురించి చెప్పినప్పుడల్లా నాకు ఈ వరదే గుర్తొస్తుంది. ఆయన కట్టినదాంట్లో అలాంటి పాయింటు లేదు, ఆయనతో సహా.

ఒక హామ్ పోతే అతని కాల్ సైన్ ఇంకొకరికి వెళ్ళడం మామూలే. మాక్సిమ్ కాల్ సైన్ డబ్ల్యూ1ఏడబ్ల్యూని మాత్రం ప్రభుత్వం లీగ్ స్టేషన్‌కే ఇచ్చింది. న్యూవింగ్టన్‌లో ఆయన పేరు మీద కొత్త స్టేషన్ కట్టి 1938 సెప్టెంబరు 2న, ఆయన పుట్టినరోజున ప్రారంభించారు. పందొమ్మిది రోజులకే, 21న, న్యూ ఇంగ్లండ్ చరిత్రలోనే పెద్ద హరికేన్ వచ్చి పడింది. రోడ్ ఐలండ్‌లోని వెస్టర్లీ అనే ఊరు తెగిపోతే విల్సన్ బర్జెస్ అనే హామ్ రేడియోతో సాయం కోసం కబురు బయటికి పంపాడు.

మన దగ్గరికొస్తే, హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో దాని బృందం భారతి ప్రసాద్ గారి నాయకత్వంలో అండమాన్‌లో ఉంది. ఏళ్ళ తరబడి అక్కడ హామ్ రేడియోకి అనుమతి లేదు, ఆమె పట్టుపట్టి తెచ్చుకున్నారు. ప్రపంచంలోని హామ్‌లందరూ ఆ అరుదైన చోటుతో మాట్లాడాలని క్యూ కట్టిన సరదా కార్యక్రమం అది. 26 ఉదయం భూమి కంపించింది, తర్వాత సునామీ. సరదా కోసం తెచ్చిన అవే రేడియోలతో పోర్ట్ బ్లెయిర్ నుంచి, ఆ తర్వాత కార్ నికోబార్ నుంచి ఎవరు బతికున్నారు, ఎక్కడున్నారు అన్న కబుర్లు బయటికి వచ్చాయి.

డబ్ల్యూ1ఏడబ్ల్యూ ఇప్పటికీ పనిచేస్తోంది. మోర్స్ కోడ్ నేర్చుకునే వాళ్ళ కోసం నెమ్మదిగా మొదలుపెట్టి స్పీడు పెంచుకుంటూ ప్రాక్టీసు పాఠాలు పంపుతుంది, ఆడియో ఫైళ్ళు నెట్‌లో కూడా దొరుకుతాయి. మన జనరల్ గ్రేడ్ పరీక్షకి నిమిషానికి ఎనిమిది పదాలు రావాలి. మేం ముగ్గురం ప్రస్తుతం ఐదు దగ్గర ఉన్నాం.