అర్థం అడిగిన గురువు మెన్నో సైమన్స్



చిన్నప్పటి నుండి చూస్తున్న ఆచారానికి అర్థమేమిటని ఎవరైనా అడిగితే, అడిగినవాడు విశ్వాసంలో బలహీనుడని మన సంఘాల్లో కొందరు అనుకుంటారు. ఆ ప్రశ్న పూజ జరిపించే గురువు మనసులోనే పుడితే? మెన్నో సైమన్స్ జీవితంలో జరిగింది అదే.

ఆయన 1496లో నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో, విట్మార్సుం గ్రామంలో జన్మించాడు. కతోలిక ఆచారాల మధ్య పెరిగి, 1524లో గురుపట్టాభిషేకం పొంది, దగ్గరలోని పింగ్యుం గ్రామంలో పరిచర్యకు చేరాడు. లాటిన్ వచ్చు, పూజాక్రమం వచ్చు. బైబిలు మాత్రం చదవలేదు. చదివితే దారి తప్పుతానని భయం. తోటి గురువులతో పేకాటలోనూ తాగుడులోనూ కాలం గడిచిపోయేది.

సుమారు ఏడాదికి ఒక సందేహం మొదలైంది. గురువు ప్రతిష్ఠించినప్పుడు రొట్టె, ద్రాక్షారసం ప్రభువు శరీర రక్తాలుగా మారతాయని కతోలిక బోధ. వాటిని చేతపట్టినప్పుడల్లా, ఇది నిజమేనా అని ఆయన మనసు అడిగేది. సాతాను శోధన అనుకున్నాడు. పాపసంకీర్తనం చేశాడు, ప్రార్థించాడు. సందేహం పోలేదు. చివరకు కొత్త నిబంధన తెరిచాడు. తనకు నేర్పిన అర్థం అందులో ఆయనకు కనబడలేదు.

1531లో లీవార్డెన్ పట్టణంలో సిక్కె ఫ్రీర్క్స్ అనే దర్జీ తల నరికారు. పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం పొందడమే అతని నేరం. ఆ వార్త విని మెన్నో బాప్తిస్మం గురించీ లేఖనాలు వెదికాడు. లూథర్, బూట్సర్, బుల్లింగర్ రచనలు చూశాడు. శిశు బాప్తిస్మానికి ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. లేఖనాధారం మాత్రం ఆయనకు దొరకలేదు.

అయినా ఆయన పూజ మానలేదు. స్వగ్రామంలో ఇంకా మంచి పదవి వచ్చింది, మంచి బోధకుడని పేరూ వచ్చింది. తనకు నమ్మకం లేని ఆచారాన్నే ఏళ్ల తరబడి జరిపిస్తూ వచ్చాడు. 1535లో ఓల్డెక్లోస్టర్ మఠాన్ని ఆయుధాలతో ఆక్రమించిన కొందరు సైన్యం చేతిలో హతమయ్యారు. వారు కత్తి పట్టడం తప్పని మెన్నోకు తెలుసు. కానీ దారి తప్పినవారే నమ్మినదాని కోసం ప్రాణమిస్తుంటే, సత్యం తెలిసిన తాను సుఖంగా బ్రతుకుతున్నానే అని మనస్సాక్షి ఆయనను గుచ్చింది. 1536 జనవరిలో పదవి వదిలేశాడు.

ఆ తర్వాత పాతికేళ్లు చెదిరిపోయిన విశ్వాసులకు కాపరిగా, కత్తి పట్టవద్దని బోధిస్తూ తిరిగాడు. 1539లో ఆయనకు ఆశ్రయమిచ్చిన ట్యార్డ్ రెనిక్స్‌కు మరణశిక్ష పడింది. 1542లో ఆయన తలకు 100 గిల్డర్ల వెల కట్టారు. భార్యాపిల్లలతో ఊరూరా తలదాచుకున్న ఆయన 1561 జనవరి 31న ఉత్తర జర్మనీలో ప్రభువునందు నిద్రించాడు.

ఆయన పేరుతోనే మెన్నోనైట్ సంఘాలు ఏర్పడ్డాయి. 1889లో రష్యా నుండి వచ్చి నల్గొండలో పరిచర్య చేసిన మిషనరీ అబ్రహాం ఫ్రీజన్ ఆ సంప్రదాయం వాడే. నేటి తెలంగాణలోని మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలకూ ఆ వేరే ఉంది.

కతోలిక సహోదరులను తక్కువ చేయడానికి ఈ చరిత్ర చెప్పడం లేదు. అర్థం తెలియకుండా ఆచరించడం ఏ సంఘంలోనైనా ఉంటుంది. నెలనెలా ప్రభువు బల్ల దగ్గరకు వస్తాం. పిల్లలను ప్రతిష్ఠిస్తాం. తలమీద చేతులుంచి ప్రార్థిస్తాం. ఎందుకని ఒక యౌవనస్థుడు అడిగితే, మన పెద్దలు అలా చేశారు అన్నది జవాబు కాదు. పస్కా ఆచారం అర్థమేమిటని పిల్లలు అడుగుతారని నిర్గమకాండము 12వ అధ్యాయంలో దేవుడే ముందుగా చెప్పి, వారికి ఇవ్వవలసిన జవాబు కూడా నేర్పాడు. అడిగినవారిని గద్దించమని ఆయన చెప్పలేదు.

కాబట్టి ఈ ఆదివారం ఎవరైనా అడిగితే, వారి పక్కన కూర్చొని బైబిలు తెరవండి. వాక్యం చూపినది మనకు కష్టమైనా, మెన్నోలా ఏళ్లు ఆలస్యం చేయకుండా లోబడే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.