హాల్డేన్ మహాశయుడు - జాతికి గట్టు ఎక్కడ?

జన్యుశాస్త్రం చదివే విద్యార్థుల్లో జె.బి.ఎస్. హాల్డేన్ పేరు వినని వాళ్లుండరు. కానీ ఆయన భారత పౌరుడిగానే కన్నుమూశారన్న సంగతి ఎంతమందికి తెలుసు?

1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుమోసిన శరీరధర్మ శాస్త్రవేత్త. డార్విన్ ప్రకృతివరణాన్ని, మెండెల్ సూత్రాలను గణితంతో ముడివేసిన ముగ్గురు ఉద్దండుల్లో ఈయనొకరు. మిగతా ఇద్దరు ఫిషర్, సీవాల్ రైట్.

జర్మనీలో నాజీలు రక్తం పేర మనుషుల్ని వేరుచేస్తున్న రోజులవి. 1938లో ‘హెరిడిటీ అండ్ పాలిటిక్స్’ అనే పుస్తకం రాసి, ఆ వాదానికి శాస్త్రంలో పునాది లేదని చూపారు. 1951లో జాతులపై యునెస్కో ప్రకటన రూపొందించిన శాస్త్రజ్ఞుల్లో ఆయనా ఉన్నారు. అయితే కమ్యూనిస్టుగా ఉన్నప్పుడు లైసెంకోను గట్టిగా ఖండించకపోవడం ఆయన జీవితంలో ఒక మచ్చే.

ఇంతకీ జాతిని నిర్వచించడంలో చిక్కేమిటి? తెలుగులో మనం జాతి అనే ఒక్క మాటనే దేశానికీ, కులానికీ, ఎద్దుకూ వాడేస్తాం. శాస్త్రానికి అలా కుదరదు. ఒంటి రంగు ఒక దారిన పోతే రక్తపు గ్రూపు ఇంకో దారిన పోతుంది. లండన్‌లోనూ మన పల్లెల్లోనూ ఉన్నవి అవే నాలుగు గ్రూపులు, పాళ్లే తేడా. మా రైతులకు ఇది సులువుగా అర్థమవుతుంది. అనంతపురం ఎర్రనేలల నుంచి తాడిపత్రి దిక్కు నల్లరేగడిలోకి నడిచిపోతే, ఎరుపు ఇక్కడితో సరి అని చెప్పే గట్టు ఒక్కటీ కనపడదు. గట్లు వేసుకున్నది మనం.

థలసీమియా కొన్ని ప్రాంతాల్లో ఎక్కువుండటానికి కారణం మలేరియా కావచ్చని 1949లో హాల్డేన్ ఊహించారు. అంటే ఆ జన్యువు దోమను వెంబడించింది గానీ జాతిని కాదు. ఆయన పోయాక, 1972లో, లెవాంటిన్ లెక్కగట్టి మనుషుల్లోని జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉందని తేల్చారు.

1957లో హాల్డేన్ కలకత్తా వచ్చి భారత గణాంక సంస్థలో చేరారు. తర్వాత భువనేశ్వర్ వెళ్లారు. ఆయన శిష్యుడు, మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రదేశంలోని మేనరికాలపై పరిశోధన చేశారు. మన పెళ్లిళ్లే వాళ్లకు పాఠ్యపుస్తకం అయ్యాయి!

1964 డిసెంబరు 1న హాల్డేన్ క్యాన్సర్‌తో మరణించారు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకోసం రాసిచ్చారు. దొరల ఇంట పుట్టిన దేహం మీద తెలుగు పిల్లలు వైద్యం నేర్చుకోవాలన్నది ఆయన కోరిక. హాస్టల్లో పక్క మంచం వాడి కులం అడిగే ముందు మనం ఆ దేహాన్ని ఒక్కసారి తలచుకుంటే చాలు.