714 మంది మంచాన పడ్డారు.. వాళ్లను లేపి నడిపించిన డాక్టరమ్మ ఎవరో తెలుసా?

పెద్దాయన నడుచుకుంటూనే ఆస్పత్రికి వెళ్లారు. నిమోనియా అని అడ్మిట్ చేసుకున్నారు. పది రోజుల్లో జబ్బు తగ్గింది, డిశ్చార్జ్ చేశారు. కానీ ఇంటికొచ్చింది మాత్రం వీల్‌చైర్‌లో! ఇలాంటి సీన్ మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. వయసైపోయింది కదా అని సరిపెట్టుకుంటాం. అయితే అసలు దెబ్బ కొట్టింది ఆ మంచమే కావొచ్చు.

దాదాపు 90 ఏళ్ల కిందటే ఈ విషయం పట్టుకున్నారు ఓ డాక్టరమ్మ. పేరు మార్జరీ వారెన్. వృద్ధుల వైద్యం చదివే వాళ్లకు ఈ పేరు తెలియకుండా ఉండదు. బ్రిటన్‌లో ఆ వైద్యానికి ఆమెనే తల్లిగా చెప్పుకుంటారు.

వారెన్ పుట్టింది 1897లో. అమ్మాయిలు డాక్టర్ చదువు చదవడమే అరుదైన రోజులవి. లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్‌లో ట్రైనింగ్ తీసుకుని 1923లో డాక్టర్ అయ్యారు. 1926లో లండన్ శివార్లలోని ఐల్‌వర్త్ ఆస్పత్రిలో చేరారు. మనసంతా సర్జరీ మీదే. ముసలివాళ్ల వార్డుల వైపు రావాలని ఆమె అనుకోనే లేదు.

1935లో సీన్ మారింది. పక్కనే ఉన్న వర్క్‌హౌస్ వార్డులను వారెన్ పనిచేసే ఆస్పత్రిలో కలిపేశారు. వర్క్‌హౌస్ అంటే దిక్కులేని పేదలను ఉంచే సర్కారు వసతి. అక్కడ 714 మంది రోగులున్నారు. చాలామంది వృద్ధులే. నయంకాని కేసులని ముద్ర వేసి, ఏళ్ల తరబడి పడుకోబెట్టి ఉంచారు. తిండీ అక్కడే, స్నానమూ అక్కడే. వీళ్లలో చాలామందికి అసలు జబ్బేంటో సరిగ్గా పరీక్షించి చూసిన వాళ్లే లేరు.

వారెన్ చేసిన మొదటి పని చాలా సింపుల్. ఒక్కొక్కరినీ పరీక్ష చేశారు. ఎవరికి పక్షవాతం, ఎవరికి మతిమరుపు, ఎవరు లేచి కూర్చోగలరు.. ఇలా విడదీసి వేర్వేరు వార్డుల్లో పెట్టారు. తేలిందేంటంటే, చాలామంది మంచానికి అతుక్కుపోవడానికి కారణం అసలు జబ్బు కాదు. పడుకోబెట్టడమే!

ఇది ఎలా జరుగుతుంది? కదలకుండా ఉంటే కండ కరుగుతుంది. కీళ్లు వంగిన చోటే బిగుసుకుపోతాయి. పుండ్లు పడతాయి. బాత్రూమ్‌కి వెళ్లే అలవాటు తప్పి, మూత్రం మీద అదుపు పోతుంది. లేచి నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. పడిపోతామన్న భయంతో మళ్లీ మంచమే. 2007లో అమెరికాలో ఓ చిన్న స్టడీ చేశారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచంలో ఉంచితే, కాళ్లలోనే సుమారు కిలో కండ పోయింది. జబ్బేమీ లేని వాళ్లకే అలా అయితే, జబ్బుతో ఉన్నవాళ్ల సంగతి ఊహించుకోండి.

అందుకే వారెన్ వార్డు రూపమే మార్చేశారు. చీకటి గోడలకు లేత రంగులు వేయించారు. వెలుతురు పెంచారు. మంచి కుర్చీలు తెప్పించారు. ఫిజియోథెరపీ మొదలైంది. పక్షవాతం వచ్చిన వాళ్లను వీలైనంత త్వరగా లేపి నడక నేర్పించారు. డాక్టర్ ఒక్కరే చేసే పని కాదిది. నర్సు, ఫిజియో, సోషల్ వర్కర్ అందరూ ఒకే టీమ్. ఇవాళ మామూలుగా అనిపిస్తుంది కానీ, అప్పట్లో ముసలివాళ్ల కోసం ఇంత చేయడం వింతే.

ఫలితం? ఎంతోమంది లేచారు, నడిచారు. కొందరు ఇళ్లకు, కొందరు వృద్ధాశ్రమాలకు వెళ్లిపోయారు. 714 బెడ్లు అవసరమైన చోట 240 సరిపోయాయి. మిగిలిన బెడ్లను టీబీ రోగుల కోసం వేరే డాక్టర్లకు ఇచ్చేశారు.

ఈ అనుభవాన్ని 1943లో, 1946లో మెడికల్ జర్నల్స్‌లో రాశారు వారెన్. వృద్ధుల వైద్యానికి ప్రత్యేక విభాగం ఉండాలని, మెడికల్ స్టూడెంట్స్‌కి అది నేర్పాలని గట్టిగా వాదించారు. 1947లో వృద్ధుల వైద్యం కోసం డాక్టర్ల సంఘం పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో ఆమె ఒకరు. అదే ఏడాది లండన్‌లోనే రిచర్డ్ ఆషర్ అనే మరో డాక్టర్, మంచంలో ఉంచడం వల్ల వచ్చే ప్రమాదాలపై వ్యాసం రాశారు. మరుసటి ఏడాది బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ వచ్చింది. ఆ తర్వాత ఈ విభాగం స్పెషాలిటీగా నిలబడింది.

సర్జన్ కావాలనుకున్న మార్జరీ వారెన్ చివరిదాకా ఈ పనిలోనే ఉండిపోయారు. 1960లో ఓ సదస్సు కోసం యూరప్‌లో కారులో వెళ్తుండగా ప్రమాదం జరిగింది. ఆ గాయాలతోనే చనిపోయారు. అప్పటికి ఆమె వయసు 62.